1984లో చోయ్ దోంగ్-వన్: అది తెగువా, టీమ్ వాడుకోవడమా?

బూసాన్_శ్రీను

ఇక్కడ కొరియాలో, బూసాన్‌లోని సాజిక్ బేస్‌బాల్ స్టేడియం బయట పాతకాలం పిచ్చర్ చోయ్ దోంగ్-వన్ విగ్రహం ఉంది. కళ్లజోడుతో, బంతి విసిరే భంగిమలో. మొన్న మా ల్యాబ్‌లో ఒక కొరియన్ సీనియర్ 1984 గురించి తన్మయత్వంతో చెబుతుంటే, "టీమ్ ఆయన్ని పిండేసింది కదా" అని నోరు జారాను. భోజనం అయ్యేదాకా నాతో మాట్లాడలేదు. ఇక్కడైతే తిట్టినా తెలుగులోనే తిడతారు కాబట్టి అడుగుతున్నా.

తెలియనివాళ్ల కోసం చిన్నగా చెబుతా. బేస్‌బాల్‌లో పిచ్చర్ అంటే మన బౌలర్ లాంటివాడే. కాకపోతే ఓవర్ల కోటా ఉండదు, అవతలి ఎండ్ నుంచి ఇంకొకరు వేసేది ఉండదు. మ్యాచ్‌కి మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్, అంటే ఒక్కో టీమ్ తొమ్మిదిసార్లు బ్యాటింగ్‌కి దిగుతుంది. ఇప్పుడైతే స్టార్టింగ్ పిచ్చర్ ఒక మ్యాచ్‌లో సుమారు వంద బంతులు విసిరి, తర్వాత నాలుగైదు రోజులు ఆగుతాడు.

1984 కొరియన్ సిరీస్ ఏడు మ్యాచ్‌ల ఫైనల్. బూసాన్ టీమ్ లొట్టే జెయింట్స్, దేగు టీమ్ శాంసంగ్ లయన్స్. సెప్టెంబర్ 30 నుంచి అక్టోబర్ 9 వరకు, పది రోజుల్లో, చోయ్ ఐదు మ్యాచ్‌లలో బంతి పట్టాడు. మొదటి మ్యాచ్ మొత్తం తనే, ఒక్క పరుగూ ఇవ్వలేదు. మూడోదీ మొత్తం తనే, గెలుపు. ఐదోదీ మొత్తం తనే, 2-3తో ఓటమి. మర్నాడే ఆరో మ్యాచ్ మధ్యలో వచ్చి ఐదు ఇన్నింగ్స్ వేసి గెలిపించాడు. వాన పడి ఏడోది ఒక్క రోజు వాయిదా పడింది. అది కూడా మొదటి నుంచి చివరిదాకా తనే. మొత్తం 40 ఇన్నింగ్స్. లొట్టే గెలిచిన నాలుగు మ్యాచ్‌లూ అతని ఖాతాలోవే.

సిరీస్‌కి ముందు లొట్టే మేనేజర్ (మన హెడ్ కోచ్ లాంటివాడు) కాంగ్ బ్యోంగ్-చోల్ "1, 3, 5, 7 నువ్వే" అన్నప్పుడు, అది మరీ ఎక్కువ అన్నాడట చోయ్. ఇంతదాకా వచ్చాం, ఏం చేస్తాం మరి అన్నాడట ఆయన. సరే, ఓసారి చూద్దాం అన్నాడట ఇతను. ఈ చివరి రెండు ముక్కలూ ఇక్కడ అందరికీ కంఠతా వచ్చు. కానీ ఆ మొదటి ముక్క, "మరీ ఎక్కువ" అన్నది, ఎవరూ పట్టించుకోరు. మీరేమంటారు?

పెనుకొండ_టైగర్

నేను పనిచేసే చోట గేటు మీద కియా బోర్డు. అందుకని కియా టైగర్స్ మనిషినయ్యాను, అంటే పాత హైటాయ్ టైగర్స్, అంటే వాళ్ల పిచ్చర్ సన్ దోంగ్-యోల్ భక్తుణ్ణి. చోయ్ నాకు ప్రత్యర్థి. అయినా చెబుతున్నా శ్రీనూ, ఆయన్ని బాధితుణ్ణి చేయకు. అది ఆయనకి అవమానం.

1987 మే 16, నువ్వు చెప్పిన సాజిక్‌లోనే, చోయ్ ఒకవైపు, మా సన్ ఇంకోవైపు. 15 ఇన్నింగ్స్. చోయ్ 209 బంతులు, సన్ 232. స్కోరు 2-2, డ్రా. అప్పటిదాకా ఇద్దరికీ చెరో గెలుపు ఉంది. అవతలివాడు మౌండ్ (పిచ్చర్ నిలబడే దిబ్బ) మీద ఉండగా నేను దిగను అన్న పంతం అది. దాన్ని కూడా దోపిడీ అంటావా?

ఇంకో సంగతి. 1984లో శాంసంగ్ వాళ్లు ఫైనల్లో ఓబీ బేర్స్ తగలకూడదని, సీజన్ చివర్లో లొట్టేకి మ్యాచ్‌లు కావాలని వదిలేశారు. లొట్టే అయితే సులువు అని లెక్క. అలా ఎంచుకున్న టీమ్ చేతిలో ఓడిపోయారు! ఆ కసి లేకుండా ఈ కథ అర్థం కాదు.

లెక్కల_మాస్టారు

భావోద్వేగాలు పక్కన పెట్టి చూద్దాం. 1984 సీజన్‌లో చోయ్ 27 గెలుపులు, 13 ఓటములు, 6 సేవ్‌లు (చివర్లో వచ్చి ఆధిక్యం నిలబెట్టిన మ్యాచ్‌లు), 284⅔ ఇన్నింగ్స్, 223 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ని అవుట్ చేయడం). ఆ ఏడాది లొట్టే 100 మ్యాచ్‌లు ఆడి 50 గెలిచింది. అందులో 27 ఒక్కడివే. 223 స్ట్రైకౌట్ల రికార్డు 2021లో మిరాండా అనే పిచ్చర్ 225 తీసేదాకా చెక్కుచెదరలేదు.

"1984తో చెయ్యి పోయింది" అనే వాదనకి మాత్రం అంకెలు సహకరించవు. 1985లో 20 గెలుపులు, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు, తక్కువైతే మేలు) 1.92. 1986లో 19 గెలుపులు, ఈఆర్ఏ 1.55. అంటే ఆ పది రోజుల తర్వాత రెండేళ్లు ముందుకన్నా బాగా విసిరాడు. పోయిన చెయ్యి అలా విసరదు.

ఆ కాలాన్ని కూడా చూడాలి. 1983లో సామ్మీ సూపర్‌స్టార్స్ తరఫున జాంగ్ మ్యోంగ్-బూ 427⅓ ఇన్నింగ్స్ వేసి 30 మ్యాచ్‌లు గెలిచాడు. అదీ 100 మ్యాచ్‌ల సీజన్‌లో. రెండేళ్లు తిరక్కుండా ఒకే సీజన్‌లో 25 ఓడిపోయాడు. లీగ్ మొదలైంది 1982లో. మంచి పిచ్చర్ ఒక్కడు దొరికితే రోజూ వాడటమే పద్ధతి అనుకున్న రోజులు.

స్వాతి_ఫిజియో

మాస్టారూ, 1986 దగ్గర ఆగిపోయారేం? మిగతావి కూడా రాయండి. 1987లో 14 గెలుపులు, ఈఆర్ఏ 2.81. 1988లో ఏడు గెలుపులు, 83 ఇన్నింగ్స్. 1989లో ఒకటి. 1990లో ఆరు, ఈఆర్ఏ 5.28. ఆ తర్వాత రిటైర్మెంట్, 32 ఏళ్లకి. 1984 నుంచి 1987 దాకా నాలుగేళ్లలో వెయ్యి ఇన్నింగ్స్ వేశాడు. భుజం, మోచేయి ఒక్క రోజులో పోవు. అలసిన కండరాలతో విసిరే ప్రతి బంతి భారం లిగమెంట్ మీద పడుతుంది. అది నెమ్మదిగా పేరుకుంటుంది. నా దగ్గరికి వచ్చే ఫాస్ట్ బౌలర్ కుర్రాళ్లు కూడా "మొన్నటిదాకా బానే ఉంది మేడమ్" అనే అంటారు.

ఐదో మ్యాచ్ పూర్తిగా వేసిన మర్నాడు ఐదు ఇన్నింగ్స్. ఇది పంతం అని మీరు మెచ్చుకోవచ్చు. వద్దు అనాల్సినవాడు డగౌట్‌లో కూర్చున్నాడు. ఆటగాడు ఎప్పుడూ వేస్తాననే అంటాడు. ఆపడానికే కదా అక్కడ మేనేజర్ ఉండేది?

హైదరాబాదీ_మియా

2025 ఇంగ్లండ్ సిరీస్‌లో మన సిరాజ్ ఐదు టెస్టులూ ఆడి 185.3 ఓవర్లు వేశాడు, 23 వికెట్లు. ఓవల్‌లో చివరి వికెట్ పడగానే మా గల్లీ అంతా రోడ్డు మీదే. అప్పుడు ఒక్కడు కూడా "అయ్యో వాడేసుకున్నారు" అనలేదు. చోయ్‌కి వేరే రూలా?

స్వాతి_ఫిజియో

ఆ 185 ఓవర్లు ఆరు వారాల్లో వేశాడు అన్నా, మధ్యలో రోజుల తరబడి విశ్రాంతి. పక్కన ఫిజియో, స్కాన్లు, ఓవర్ల లెక్క అన్నీ ఉన్నాయి. అదే సిరీస్‌లో బుమ్రాని మూడు టెస్టులకే పరిమితం చేశారు. చోయ్‌కి ఇవన్నీ ఎక్కడివి?

పెనుకొండ_టైగర్

స్వాతి గారూ, అయితే వాళ్లు ఏం చేయాల్సింది? ఏడో మ్యాచ్‌కి ఇంకొకణ్ణి దింపి ఓడిపోవాలా? శాంసంగ్ కూడా తమ పిచ్చర్ కిమ్ ఇల్-యుంగ్ మీదే ఆధారపడింది. ఏడో మ్యాచ్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఆయన అలసిపోయి ఉండగానే లొట్టే బ్యాటర్ యూ దూ-యోల్ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. అప్పటిదాకా సిరీస్ అంతా బ్యాట్ పలకనివాడు! 3-4 కాస్తా 6-4 అయింది. చోయ్ చివరి ఇన్నింగ్స్ కూడా తనే ముగించాడు. తర్వాత ఇప్పుడేం చేయాలనుంది అని అడిగితే నిద్రపోవాలనుంది అన్నాడంటారు. సిరీస్ ఎంవీపీ (ఉత్తమ ఆటగాడి అవార్డు) మాత్రం యూకి ఇచ్చారు, సీజన్ ఎంవీపీ చోయ్‌కి ఇస్తున్నారని. నాలుగు గెలిపించినవాడికి ఇవ్వకపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఆయన మౌండ్ మీద నిలబడే తీరు పాత వీడియోల్లో చూడండి. ప్రతి బంతికీ ముందు రోసిన్ సంచి (చేతికి పట్టు ఇచ్చే పొడి) తడుముతాడు, సాక్స్ లాగుతాడు, టోపీ సర్దుతాడు, చివరికి కళ్లజోడు. తర్వాత కాలు పైకెత్తి పైనుంచి ఒక్కసారిగా కిందికి జారే కర్వ్. ఏడో మ్యాచ్ ఆఖర్లో కూడా అదే వరస, ఒక్కటీ మర్చిపోలేదు. ఎవరో తోస్తే నిలబడ్డ మనిషిలా ఉన్నాడా?

బూసాన్_శ్రీను

అన్నా, నేను ఆయన తెగువని కాదనట్లేదు. నా పేచీ ఆ తెగువతో లాభపడ్డవాళ్లు తర్వాత ఆయనకి ఏం చేశారన్న దాని గురించి. 1988కి రండి.

ఆ ఏడాది మీ హైటాయ్ పిచ్చర్ కిమ్ దే-హ్యోన్ కారు ప్రమాదంలో చనిపోయాడు. ఆటగాడికి ఏమైనా అయితే ఇంట్లోవాళ్లకి దిక్కు లేదని అందరికీ తెలిసొచ్చింది. అప్పుడు ఆటగాళ్ల సంఘం పెట్టాలని ముందు నిలబడింది చోయ్. ఆయనకి సంఘం అవసరం ఏముంది? జీతం అందరికన్నా ఎక్కువ తీసుకునేవాళ్లలో ఒకడు. చిన్న జీతాలవాళ్ల కోసం పూనుకున్నాడు. న్యాయ సలహా ఇచ్చినవాళ్లలో అప్పట్లో బూసాన్‌లో లాయరుగా ఉన్న మూన్ జే-ఇన్ ఒకరు, తర్వాత దేశాధ్యక్షుడైన ఆయనే.

టీమ్ యాజమాన్యాలన్నీ ఒక్కటై, సంఘం నడిపేవాళ్లతో కాంట్రాక్టులు చేసుకునేది లేదన్నాయి. సంఘం చెదిరిపోయింది. ఆ నవంబర్‌లో లొట్టే ఆయన్ని ఎక్కడికి పంపిందో తెలుసా? శాంసంగ్‌కి! ఎవరి మీద పది రోజులు విసిరి కప్పు తెచ్చాడో వాళ్లకే. బదులుగా వచ్చినవాళ్లలో శాంసంగ్ పిచ్చర్ కిమ్ షి-జిన్ ఉన్నాడు.

పెనుకొండ_టైగర్

అది వేరే గొడవ. 1984 మేనేజర్‌కీ 1988 యాజమాన్యానికీ ముడి పెట్టకు.

రాజమండ్రి_రమణ

రెండూ వేరు కావు బాబూ. నేను ముప్పై ఏళ్లు మిల్లులో పనిచేసి, యూనియన్‌లో తిరిగినవాణ్ణి కాబట్టి నాకు ఇది బాగానే అర్థమవుతోంది. బేస్‌బాల్ మాత్రం మా మనవడు చూస్తుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నాను.

అప్పటి కొరియాలో ఆటగాడు తనంతట తాను టీమ్ మారడానికి వీల్లేదు. ఆ వీలు, అంటే ఫ్రీ ఏజెన్సీ, వచ్చింది 1999 సీజన్ అయ్యాక. ఆటగాళ్ల సంఘం నిలబడింది 2000లో. 1981లోనే అమెరికా లీగ్ టీమ్ టొరంటో బ్లూ జేస్‌తో సంతకం చేసిన మనిషి చోయ్, సైనిక సేవ నిబంధనల వల్ల వెళ్లలేకపోయాడు. అంటే ఇక మిగిలింది లొట్టే ఒక్కటే. అక్కడ మేనేజర్ ఏం చేస్తాం మరి అంటే, ఇతను ఇంకేమంటాడు? మొదట మరీ ఎక్కువ అన్నాడని శ్రీను రాశాడు కదా. ఆ మాట అన్నాక కూడా ఐదుసార్లు పంపారంటే అడిగినట్టా, చెప్పినట్టా?

అలాగని ఆ కుర్రవాడి గుండెధైర్యం తక్కువ చేయను. "సరే, చూద్దాం" అన్నవాడే నాలుగేళ్ల తర్వాత తోటివాళ్ల కోసం యాజమాన్యాలకి ఎదురు నిలిచాడు. రెండు చోట్లా మనిషి ఒకడే. వాళ్లకి మొదటిది నచ్చింది, రెండోది నచ్చలేదు. అక్కడ ఉంది అసలు సంగతి. 1991లో బూసాన్‌లో స్థానిక ఎన్నికల్లో అధికార పార్టీకి ఎదురుగా నిలబడి ఓడిపోయాడని కూడా విన్నాను. లొంగే రకం కాదు.

లెక్కల_మాస్టారు

రమణ గారూ, మీ వాదన బలమైనదే. కానీ అది యాజమాన్యాల మీద ఆరోపణ. మైదానంలో తీసుకున్న నిర్ణయం తప్పని దానితో రుజువు కాదు. 1984 ప్రమాణాలతో చూస్తే కాంగ్ చేసింది అందరూ చేసేదే. జాంగ్ 427 మళ్లీ చూడండి.

ఒక తమాషా కూడా ఉంది. 2014 నుంచి చోయ్ దోంగ్-వన్ అవార్డు ఇస్తున్నారు, మొదటిది పెనుకొండ మిత్రుడి టీమ్ పిచ్చర్ యాంగ్ హ్యోన్-జోంగ్‌కి. దాని ప్రమాణాల్లో ఒకటి 180 ఇన్నింగ్స్. ఇప్పటి కొరియన్ పిచ్చర్లకి అదే గగనం. ఆయన 1984 సీజన్ నుంచి వంద ఇన్నింగ్స్ తీసేసినా ఆ గీత దాటతాడు.

స్వాతి_ఫిజియో

"అందరూ చేసేదే" అంటే తప్పు కాదనా మాస్టారూ? జాంగ్‌కి ఏమైందో మీరే రాశారు. అందరూ చేశారు, అందరి చేతులూ పోయాయి. మా సన్, మా సన్ అంటున్న టైగర్ గారూ, ఆయన్ని తర్వాత తర్వాత క్లోజర్‌గా (చివర్లో మాత్రమే వచ్చే పిచ్చర్‌గా) మార్చి తక్కువ ఇన్నింగ్స్ వేయించబట్టే కదా జపాన్‌లో కూడా 1999 దాకా ఆడాడు? కొరియాలో ఆయనవి 146 గెలుపులు, 132 సేవ్‌లు, ఈఆర్ఏ 1.20. చోయ్ 103 గెలుపుల దగ్గర ఆగిపోయాడు. ప్రతిభలో అంత తేడా ఉందా?

పెనుకొండ_టైగర్

ప్రతిభలో తేడా ఉంది, మా సన్ ఎక్కువ. 😀 సరదాకి అన్నాను, కొట్టకండి. వాడిన తీరులో తేడా ఉందన్నది కాదనను. అయినా చోయ్‌ని 1984 ఏడో మ్యాచ్‌లో కూర్చోబెట్టి ఉంటే ఆయనే జీవితాంతం క్షమించేవాడు కాదు.

బూసాన్_శ్రీను

అది నిజం కావచ్చు అన్నా. మరి ఇది చెప్పు. రిటైరయ్యాక చోయ్ హన్వా అనే ఇంకో టీమ్‌లో కోచ్‌గా పనిచేశాడు. సొంత ఊరి టీమ్ లొట్టే ఒక్కసారి కూడా కోచ్ ఉద్యోగం ఇవ్వలేదు. 2011 సెప్టెంబర్ 14న పేగు క్యాన్సర్‌తో 53 ఏళ్లకి పోయాడు. సెప్టెంబర్ 30న లొట్టే ఆయన 11వ నంబరుని శాశ్వతంగా పక్కన పెట్టింది. బతికుండగా ఆ పని చేయడానికి వాళ్లకి రెండు దశాబ్దాలు సరిపోలేదా?

పెనుకొండ_టైగర్

దానికి మాత్రం లొట్టేవాళ్లే జవాబు చెప్పాలి. నీ సీనియర్‌ని అడుగు, ఈసారి భోజనం అయ్యాక.