నాన్నకి ఒంట్లో బాగోలేదని విదేశంలో ఉన్న పిల్లలకి ఎప్పుడు చెప్పాలి: ఆ రోజేనా, తగ్గాకా?

కాకినాడ సెంటర్ (చర్చ మొదలు)

పెద్దవాళ్లు ఊళ్లో, పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ గొడవ ఉంది. పెద్దాయన్ని ఆసుపత్రిలో చేర్చారు. కబురు ఆ రోజే చెప్పాలా, ఇంటికొచ్చాక చెప్పాలా?

ప్రాణం మీదికి వస్తే తప్ప ఇంటికొచ్చాకే చెప్పాలన్నది నా పక్షం. అక్కడ అర్ధరాత్రి ఫోన్ మోగితే ఆ పిల్లాడు ఏం చేస్తాడు? టికెట్ కొన్నా ఇల్లు చేరేసరికి రోజున్నర. డెంగీనే తీసుకోండి. జ్వరం దిగే వేళకే ప్లేట్‌లెట్లు పడతాయి, చాలామందికి రెండు మూడు రోజుల్లో వాటంతటవే లేస్తాయి. ఆ అంకెని పూటపూటకీ పంపి, పదమూడు వేల కిలోమీటర్ల అవతల ఉన్నవాడికి నిద్ర లేకుండా చేస్తే ఇక్కడ రోగికి ఒరిగేదేమిటి?

వార్డు సిస్టర్

కాకినాడ గారూ, ఒరిగేది ఉందండి. బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడితే తెలుస్తుంది. చాలా ఇళ్లలో పెద్దవాళ్ల ఆరోగ్య బీమా కట్టేది విదేశంలో ఉన్న పిల్లలే. పాలసీ కాగితం వాళ్ల మెయిల్‌లో ఉంటుంది, ఓటీపీ వాళ్ల నంబరుకే పోతుంది. అత్యవసరంగా చేరితే 24 గంటల్లోపు బీమా కంపెనీకి తెలియజేయాలని చాలా పాలసీల్లో షరతు ఉంటుంది. క్యాష్‌లెస్ (ఆసుపత్రి బిల్లు బీమా కంపెనీయే నేరుగా కట్టడం) కోసం ఆసుపత్రి పంపిన అభ్యర్థన మీద బీమా కంపెనీ గంటలోపు తేల్చాలని 2024 మేలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. కానీ పాలసీ నంబరే చేతిలో లేకపోతే ఆ గంట మొదలే కాదు. "తగ్గాక చెబుదాం" అని దాస్తే ముందు చేతి డబ్బు కట్టి, తర్వాత బిల్లులన్నీ పోగేసి రీయింబర్స్‌మెంట్‌కి తిరగాలి.

అయితే ఒకటి. చెప్పడం వేరు, అనుమతి కోసం ఆగడం వేరు. మూతి వంకర పోయి, చెయ్యి పడిపోయిందంటే అది పక్షవాతం కావచ్చు, ముందు 108. మెదడు రక్తనాళంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే పని చేస్తుంది, అదీ స్కాన్ తీసి రక్తస్రావం కాదని తేలాకే. "అబ్బాయి ఫోన్ ఎత్తాక సంతకం పెడతాం" అని కారిడార్‌లో కూర్చుంటే ఆ సమయం తిరిగి రాదు. సంతకం పెట్టే మనిషి ఊళ్లోనే ఉండాలి, అది ఎవరన్నది అందరూ బాగున్న రోజునే అనుకుని ఉంచుకోవాలి.

జగిత్యాల అన్న

అన్నా, మీరిద్దరు చెప్పేది ఆఫీసుల కూసునే పిల్లల ముచ్చట. మా దిక్కు పిల్లలు సౌదీల, దుబాయిల సైటు మీద ఉంటరు. పదో అంతస్తుల పరంజి మీద ఉన్నోనికి "నాయినను ఐసీయూల ఏసిన్రు" అని మెసేజు కొడితే కాలు జారుతది. చెప్పాలె, నేను కాదంట లేను. గని డ్యూటీ దిగినంక చెప్పాలె.

సౌదీ, కువైట్ మనకంటె రెండున్నర గంటలు ఎనుక, దుబాయి గంటన్నర ఎనుక. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర అయితే రియాద్‌ల ఏడు. అప్పటికి స్నానం చేసి రూముల ఉంటడు, పక్కన మన ఊరోళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటరు. ముందుగాల ఆ పక్క మంచం దోస్తుకు ఫోన్ జేసి "వాని దగ్గర కూసో" అని చెప్పి, అటెనుక వానికి చెయ్యాలె. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా సౌదీల పగటి 12 నుంచి 3 దాకా ఎండల పని బంద్ ఉంటది, అంటే మనకు రెండున్నర నుంచి అయిదున్నర. తీరిక దొరికింది గదా అని అప్పుడు చెప్పకున్రి. మూడు గొట్టంగనే మళ్ల పరంజి ఎక్కాలె వాడు.

ఇంకోటి. దుబాయికి వాట్సాప్ కాల్ కలవదు. మెసేజు, వాయిస్ నోటు పోతయి. కాల్ కావాలంటె బోటిమ్ అసొంటి అనుమతి ఉన్న యాప్ రెండు దిక్కుల ఉండాలె. ముసలవ్వ ఫోన్ల అది లేక, వాట్సాప్‌ల పదిసార్లు కొట్టి "కొడుకు ఎత్తుతలేడు" అని ఏడుస్తది. వాడు దాన్ని ఎత్తలేడు తల్లీ, అక్కడ ఆ కాల్ నడవదు.

రానీకె కూడ అందరికి ఒక్క తీరు లేదు. సౌదీల 2021 మార్చి నుంచి కంపెనీ పనోళ్లు ఎగ్జిట్ రీఎంట్రీ (దేశం ఇడిసి పోయి మళ్ల వచ్చే అనుమతి) అబ్షర్ అనే సర్కారు యాప్‌ల సొంతంగ పెట్టుకోవచ్చు. ఇంటి డ్రైవర్లు, ఇంట్ల పనోళ్లు, గొర్రెల కాడ పని చేసేటోళ్లకు ఆ మార్పు వర్తించదు, కఫీలు, అంటె పనికి పెట్టుకున్న యజమాని, ఒప్పుకోవాలె. గసొంటోనికి ఆలస్యం జేసి చెప్పినమంటె అడుగుకునే రోజులు కూడ మనమే గుంజుకున్నట్టు.

ఎడిసన్ కోడలు

అమెరికా వైపు నుంచి చూస్తే ఆలస్యం ఖరీదు ఇంకో రకం. ఎఫ్‌ఎంఎల్‌ఏ అనే అక్కడి కుటుంబ, వైద్య సెలవు చట్టం కింద తల్లిదండ్రుల తీవ్ర అనారోగ్యానికి 12 వారాల వరకు జీతం లేని సెలవు ఉంది. ఆ కంపెనీలో ఏడాది నిండాలి, గడిచిన 12 నెలల్లో 1250 గంటలు పని చేసి ఉండాలి, 75 మైళ్ల లోపు 50 మంది ఉద్యోగులు ఉండాలి. అత్తమామలకి ఇది వర్తించదు, కోడళ్లు అల్లుళ్లు ఇక్కడే బోల్తా పడతారు. కంపెనీ డబ్ల్యూహెచ్-380-ఎఫ్ లాంటి ఫారంలో వైద్యుడి ధ్రువీకరణ అడుగుతుంది, తెచ్చుకోవడానికి కనీసం 15 రోజులు ఇస్తుంది. రోగి వార్డులో ఉండగా డాక్టరు సంతకం అయిదు నిమిషాల పని. డిశ్చార్జి అయ్యాక అదే సంతకానికి ఊళ్లో ఉన్న బాబాయి నాలుగుసార్లు తిరగాలి.

హెచ్-1బి (అమెరికా ఉద్యోగ వీసా) వాళ్లకి మరో ముడి. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయి ఉంటే ఇండియా వచ్చాక కాన్సులేట్ అపాయింట్‌మెంట్ దొరికితే గానీ తిరిగి వెళ్లలేరు. బయల్దేరాలా, వద్దా, భార్యాభర్తల్లో ఎవరు వెళ్లాలి అన్నది లెక్క వేసుకోవడానికి వాళ్లకి రెండు రోజులైనా కావాలి. చివరి ఘడియలో చెబితే ఆ లెక్క విమానాశ్రయం దారిలో వేసుకుంటారు.

వేళ సంగతి: న్యూజెర్సీకి మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా తేడా తొమ్మిదిన్నర గంటలు, మిగతా కాలం పదిన్నర. మన ఉదయం ఆరున్నరకి వాళ్లకి ముందురోజు రాత్రి తొమ్మిది, చలికాలంలో ఎనిమిది. డాక్టరు రౌండ్లు అయ్యాక పదకొండింటికి చెబుదామనుకుంటే అక్కడ నడిరాత్రి. అందుకని రాత్రి రౌండ్ల సంగతి రాసి పెట్టుకుని పొద్దున్న ఆరున్నరకి చెప్పండి.

కాకినాడ సెంటర్

బీమా మాట, సెలవు మాట ఒప్పుకుంటున్నాను. నేను వీటిని లెక్కలోకి తీసుకోలేదు. కానీ అసలు చిక్కు ఇంకా అలాగే ఉంది. "వాడికి చెప్పొద్దు" అనేది చాలాసార్లు ఆ నాన్నగారే. ఒంట్లో తెలివి ఉన్న మనిషి తన జబ్బు ఎవరికి చెప్పాలో వద్దో తానే తేల్చుకోకూడదా?

వార్డు సిస్టర్

తేల్చుకోవచ్చండి, ఆ హక్కు ఆయనదే. కానీ "చెప్పొద్దు" అన్నప్పుడు "ఏం చెప్పొద్దు" అని మళ్లీ అడగాలి. చాలామంది దాచమనేది జబ్బుని కాదు, తమ అవస్థని. మూత్రం గొట్టం, డైపరు, ఏడుపు. ఐసీయూ మంచం మీద కళ్లు మూసుకుని ఉన్నప్పుడు వీడియో కాల్ తిప్పి చూపించడం ఆయనకి అవమానం. అది మానేసి "షుగర్ పెరిగింది, పాదం పుండుకి యాంటీబయాటిక్ ఇస్తున్నారు" అని చెబుతానంటే దాదాపు అందరూ తలూపుతారు.

రిపోర్టులు పంపేవాళ్లకి ఇంకో మాట. కాగితాన్ని మంచం మీద పెట్టి ఫోటో తీసి పంపితే మడతల్లో అంకెలు పోతాయి. ల్యాబ్ ఇచ్చే పీడీఎఫ్‌నే డాక్యుమెంట్‌గా పంపండి. అంకె పక్కన కొలత కూడా రాయండి. మనకి షుగర్ 180 అంటే మిల్లీగ్రాముల లెక్క, లండన్‌లో, సిడ్నీలో అదే 10 అవుతుంది, 18తో భాగించాలి. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ మన 1.4 వాళ్ల లెక్కలో సుమారు 124. కొలత రాయకుండా "1.4 వచ్చింది" అని పంపితే అక్కడి డాక్టర్ స్నేహితుడికి చూపించినా అయోమయమే.

రాజమండ్రి రేవు

మీరంతా ఆసుపత్రి గుమ్మం దగ్గర మొదలుపెట్టారు. నాకు చికాకు కలిగించేది అంతకు ముందరి ఆరు నెలలు. మామూలు రోజుల కబుర్లు లేని ఇంట్లోనే చెడు కబురు పిడుగులా పడుతుంది.

"తిన్నావా అమ్మా?" అంటే ఏ తల్లయినా "తిన్నాను" అంటుంది. "ఏం కూర?" అని అడగండి. వరసగా నాలుగు రోజులు చారు, పెరుగు, పచ్చడే అన్నదంటే పొయ్యి దగ్గర నిలబడలేకపోతోందన్నమాట. ఎవరు వచ్చి వెళ్లారు, పాలవాడికి ఎంత ఇచ్చారు, గ్యాస్ ఎప్పుడు బుక్ చేశారు అనేవి ఊసుపోక మాటలు కావు. పాలవాడికి రెండుసార్లు డబ్బిచ్చిందని తేలితే మతిమరుపు మొదలైందేమో చూడాలి.

మాత్రలు కూడా అంతే. "వేసుకుంటున్నావా" అనకుండా వీడియోలో స్ట్రిప్పు చూపించమనండి. ఒకటో తారీఖు పొద్దున్న 15 మాత్రల బీపీ స్ట్రిప్పు మొదలుపెట్టి రోజుకొకటి వేసుకుంటే పదో తారీఖు సాయంత్రానికి వెండి కాగితం వెనక అయిదు మిగలాలి. ఎనిమిది ఉంటే మూడు రోజులు తప్పాయి. రెండున్నా అనుమానమే, ఒకే పూట రెండేసి పడుతున్నాయేమో. కోప్పడకండి. కోప్పడితే మర్నాడు స్ట్రిప్పు కనపడదు.

నలభై మంది ఉన్న కుటుంబ గ్రూపులో ఇవేవీ పనికిరావు, శుభోదయం బొమ్మల కింద పూడిపోతాయి. తోబుట్టువులు, ఊళ్లో ఉండే ఆ ఒక్క బంధువు, అంతే, వేరే చిన్న గ్రూపు పెట్టుకోండి. మందుల జాబితా, పాలసీ నంబరు పైన పిన్ చేయండి. పిన్ గరిష్ఠంగా 30 రోజులే ఉంటుంది, నెలనెలా మళ్లీ పెట్టాలి. ఆధార్ ఫోటో మాత్రం అందులో వేయొద్దు.

ఎడిసన్ కోడలు

ఈ దాపరికం రెండు వైపులా ఉందని కూడా అనుకోవాలి. ఉద్యోగం పోయిన హెచ్-1బి అబ్బాయికి కొత్త కొలువు చూసుకోవడానికో, వీసా హోదా మార్చుకోవడానికో మహా అయితే 60 రోజులుంటాయి. అమ్మానాన్నలకి చెప్పకపోతే వాళ్లు ఈలోగా ఇంటి పైఅంతస్తుకి అప్పు తెస్తారు, చెల్లి పెళ్లికి ముహూర్తం పెడతారు. రెండో వారంలోనైనా చెప్పాలి.

కాకినాడ సెంటర్

సరే. పిల్లలకి ఆ రోజే తెలియాలని ఒప్పుకుంటాను, బీమా ఉన్న చోట మరీను. పూటపూటకీ ప్లేట్‌లెట్ల అంకె పంపడం మాత్రం తప్పేనంటాను. రోజుకి ఒక్కసారి, చెప్పిన వేళకి చాలు.

జగిత్యాల అన్న

చాలు అన్నా. గని మొదటి మెసేజు ఎట్ల రాయాలెనో అది చెప్పలే ఎవ్వరు. "అర్జెంటు, ఫోన్ చెయ్" అని రాయొద్దు. వాడు సచ్చిపోయిన్రేమో అనుకుంటడు. గిట్ల రాయున్రి: "నాయిన మాట్లాడుతున్నడు. ఛాతి నొప్పి అంటె పొద్దుగాల కరీంనగర్ తీసుకపోయినం. ఈసీజీ అయింది, రక్త పరీక్ష రావాలె. చిన్నాయిన పక్కనే ఉన్నడు. రాత్రి తొమ్మిదిన్నరకు మళ్ల చెప్త." తొమ్మిదిన్నరకు చెప్పేదానికి ఏం లేకున్నా ఫోన్ చెయ్యాలె. ఆ ఒక్క కాల్ తప్పిందంటె వాడు తెల్లార్లు ఫోన్ పట్టుకునే కూసుంటడు.