గుర్రానికి ఎండుగడ్డి బదులు నొక్కిన గడ్డి దిమ్మెలు పెట్టొచ్చా?

మాది కావలి దగ్గర పల్లె. పెళ్లి ఊరేగింపులకు తిప్పిన ముసలి గుర్రం ఉంది, 300 కిలోలు ఉంటుంది. పళ్లు అరిగిపోయి, ఎండుగడ్డి నమిలి నమిలి తడి ఉండలుగా కింద పడేస్తోంది. పైగా వానకి గడ్డివామి బూజు పట్టింది, అది పెట్టే ధైర్యం లేదు.

నొక్కి చేసిన గడ్డి దిమ్మెలు నానబెట్టి పెట్టమంటున్నారు. బరువులో 1.5 నుంచి 2 శాతం మేత లెక్కన రోజుకు 4.5 నుంచి 6 కిలోలు కావాలి. మొత్తం దిమ్మెలే పెట్టొచ్చా, కొంతైనా పొడుగు గడ్డి ఉండాలా? సరిగ్గా నానకపోతే గొంతుకు అడ్డం పడుతుందని టెన్షన్. మీరు ఎంతసేపు నానబెడుతున్నారు? నెల్లూరు, ఒంగోలు వైపు ఎక్కడ దొరుకుతాయి?

గేదెల దాణా మాత్రం చెప్పకండి. అందులో మోనెన్సిన్ అనే మందు (పశువుల దాణాలో కలుపుతారు) కలిసి ఉంటే గుర్రం ప్రాణానికే ముప్పు.