కోడింగ్ రాదు, పులిజూదం గేమ్ చేయాలి. యాడ మొదలుపెట్టాలి?

చంద్రగిరి పిల్లోడు:
అన్నలూ, అక్కలూ, తిరుపతిలో బీకాం చదువుతా ఉండా. కోడింగ్ అసలు రాదు. ల్యాప్‌టాప్ 8 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేదు. బండల మీద గీసి ఆడే పులిజూదాన్ని గేమ్‌గా చేయాలని ఉండాది. తర్వాత శేషాచలం అడవిలో తిరిగే త్రీడీ గేమ్ కూడా. గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో యూనిటీనా, అన్‌రియలా, గోడోనా? ముందు సీ లాంగ్వేజ్ నేర్చుకోమంటా ఉండారు, అవసరమా?

పాకాల జంక్షన్:
సీ అక్కర్లేదు తమ్ముడూ. గోడో 4 దించుకో. ఉచితం, ఇన్‌స్టాల్ కూడా ఉండదు, జిప్ విప్పి నడపడమే. అన్‌రియల్ 5కి 32 జీబీ ర్యామ్ ఉంటే మేలంటారు, నీ మెషీన్ మీద దాని జోలికి పోవద్దు. కొత్త ప్రాజెక్టు తెరిచేటప్పుడు రెండరర్ (బొమ్మను తెర మీద గీసే భాగం) దగ్గర "కంపాటిబిలిటీ" ఎంచుకో. మిగతా రెండూ పాత ఇంటెల్ గ్రాఫిక్స్ మీద తెరుచుకోకుండా మొండికేయొచ్చు.

గోడో సొంత భాష జీడీస్క్రిప్ట్‌లో వేరియబుల్ (విలువను దాచే పేరు), ఇఫ్ (షరతు), ఫర్ లూప్ (మళ్ళీ మళ్ళీ చేయించడం), ఫంక్షన్ (పేరు పెట్టిన పని), అర్రే (వరుస జాబితా) వస్తే ఈ ఆటకు చాలు. త్రీడీ ఇప్పుడొద్దు. మోడల్స్, యానిమేషన్, కెమెరా ఒక్కోటీ విడి విద్య. పులిజూదం ఎంచుకోవడం చాలా మంచి పని, గురుత్వాకర్షణ, ఢీకొనడం లాంటి లెక్కలేవీ ఉండవు.

బంగారుపాళ్యం మామిడి:
బొమ్మలు గీయకముందే పలకను కాగితం మీద వేసి, గీతలు కలిసే చోట్లకు నంబర్లివ్వండి. 3 పులులు, 15 మేకలు ఆడే పలకలో 23 చోట్లుంటాయి, అంటే 0 నుంచి 22. వాటికి 23 అంకెల అర్రే ఒకటి: ఖాళీ 0, పులి 1, మేక 2. ఏ చోటు నుంచి ఏ చోటికి గీత ఉందో రెండో జాబితా. మూడోది పులి మేకను చంపే దూకుళ్ళది: ఎక్కడి నుంచి, ఏ చోటి మీదుగా, ఎక్కడికి.

ఈ మూడోది చాలామంది వదిలేస్తారు. "పక్కదానికి పక్కది" అని లెక్కగడితే పులి మలుపు తిరిగి కూడా దూకేస్తుంది. దూకుడు ఒకే సరళరేఖ మీద ఉండాలి కాబట్టి ఆ మూడేసి అంకెలు చేత్తో రాసుకోవడమే నయం.

మేకలన్నీ పలక మీదికి వచ్చేదాకా ఏ మేకా కదలకూడదు. ప్రతి మేక ఎత్తు తర్వాత పులులకు నడకగానీ దూకుడుగానీ మిగిలిందా అని చూడాలి, లేకపోతే మేకలు గెలిచినట్టు. ఎన్ని మేకలు పోతే పులి గెలుపన్నది ఊరినిబట్టి మారుతుంది, ఆ అంకెను వేరియబుల్‌లో పెట్టండి.

రెండు తప్పులు తప్పకుండా ఎదురవుతాయి. మౌస్ నొక్కినప్పుడు ఒక ఈవెంట్ (గేమ్‌కు అందే కబురు), వదిలినప్పుడు ఇంకొకటి వస్తాయి. "ప్రెస్డ్" అవునా అని చూడకపోతే ఒక్క క్లిక్కుకే రెండు ఎత్తులు పడతాయి. ఇక "వెనక్కి" బటన్ కోసం అర్రేను ఊరికే ఇంకో వేరియబుల్‌లో వేస్తే అది కాపీ కాదు, రెండూ ఒకటే. ఎత్తు మారితే దాచిందీ మారిపోతుంది. డూప్లికేట్ ఫంక్షన్ వాడి దాచండి.

అలిపిరి మెట్టు:
తెలుగు అక్షరాల సంగతి. గోడో 4 ఒత్తులు సరిగ్గానే చూపిస్తుంది, గోడో 3 చూపించదు. మీ కంప్యూటర్‌లో బాగా కనబడిన తెలుగు బ్రౌజర్‌లో డబ్బాలైపోతుంది, అక్కడ సిస్టమ్ ఫాంట్లు అందవు కాబట్టి. నోటో సాన్స్ తెలుగు ఫైలును ప్రాజెక్టులోనే వేసి, ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో థీమ్ కింద కస్టమ్ ఫాంట్‌గా పెట్టండి. ఫైళ్ళ పేర్లన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే ఉంచండి. విండోస్ చిన్నా పెద్దా పట్టించుకోదు, ఎక్స్‌పోర్ట్ చేసిన గేమ్ పట్టించుకుంటుంది, పేరులో తేడా ఉంటే బొమ్మ దొరకదు.

మొదట వెబ్‌కే ఎక్స్‌పోర్ట్ చేసి, జిప్‌ను గేమ్‌లు పంచుకునే సైటు ఇచ్ డాట్ ఐవో‌లో పెట్టండి. ప్లే స్టోర్‌కు 25 డాలర్లు కట్టాలి. కొత్త వ్యక్తిగత ఖాతా అయితే 12 మంది 14 రోజులు ఆపకుండా టెస్టర్లుగా ఉండాలి కూడా.

చంద్రగిరి పిల్లోడు:
చాలా సంతోషం. కంప్యూటరే పులిగా ఆడాలంటే?

బంగారుపాళ్యం మామిడి:
ఇద్దరు మనుషులు ఆడేది తప్పుల్లేకుండా నడిచాకే అది. అప్పుడు చెల్లే ఎత్తులన్నీ ఒక జాబితాలో పోసి, దూకుడు ఉంటే దూకుడు, లేకపోతే ఏదో ఒకటి తీయమనండి. మొదటి పులికి అంత తెలివి చాలు.