వృద్ధాశ్రమంలో కొవిడ్ జాగ్రత్తలు: పెద్దవాళ్ల పిల్లలందరికీ ఎలా తెలియజేయాలి?

నమస్కారం. ఇది 2021 మేలో రాసినది. హైదరాబాద్‌లో ఓ చిన్న వృద్ధాశ్రమం చూసుకుంటున్నాను. మే 12న లాక్‌డౌన్ పెట్టినప్పటి నుంచి బయటివాళ్లను లోపలికి రానివ్వడం లేదు. రోజూ పొద్దున, సాయంత్రం అందరికీ జ్వరం, ఆక్సిజన్ చూస్తున్నాం. ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గితే వెంటనే డాక్టరుగారికి ఫోన్ చేస్తాం. కొవిషీల్డ్ టీకా రెండో డోసు ఈ నెలలోనే 12–16 వారాలకు మారిన సంగతీ చెప్పాలి.

లోపల పెద్దవాళ్లకు బోర్డు మీద లావు అక్షరాలతో రాస్తున్నాం, చదువుకుంటున్నారు. ఇబ్బంది బయట ఉంటున్న వాళ్ల పిల్లలతోనే. వాట్సాప్ గ్రూపులో పెడితే ఫార్వర్డుల కింద పడిపోతోంది. అడ్మిన్లే రాసేలా మారిస్తే వాళ్లకు అడిగే దారి లేకుండా పోయింది. బ్రాడ్‌కాస్ట్ లిస్టు మా నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే వెళ్తోంది. అమెరికా నుంచి అర్ధరాత్రి "అమ్మ ఎలా ఉందండీ?" అని వణుకుతున్న గొంతుతో ఫోన్లు. వాళ్ల టెన్షన్ న్యాయమే.

అందరికీ కచ్చితంగా చేరేలా, తిరిగి అడిగే వీలు కూడా ఉండేలా మీరు ఏ పద్ధతిలో సమాచారం పంపుతున్నారు?