ఒక్క ఓటమితో ముగిసే సీజన్: కళాశాల ఫుట్‌బాల్ జట్టును ఏడాది పొడవునా ఆడించడం ఎలా?

ప్రశ్న (జట్టు కెప్టెన్, గుంటూరు)

అందరికీ నమస్కారం. గుంటూరులోని ఒక డిగ్రీ కళాశాల ఫుట్‌బాల్ జట్టుకు ఈ ఏడాది నేను కెప్టెన్‌ను. మాకు సీజన్ అంటే విశ్వవిద్యాలయ అంతర కళాశాలల టోర్నమెంటు ఒక్కటే, అదీ నాకౌట్ పద్ధతిలో. నిరుడు తొలి రౌండులో స్కోరు సమంగా ముగిసి, పెనాల్టీ షూటౌట్‌లో ఓడి, ఆ మధ్యాహ్నమే బస్సెక్కాం. వానాకాలం నుంచి చేసిన సాధన ఆ ఒక్క పూటతో ఆగిపోయింది. మొదటి సంవత్సరం విద్యార్థుల్లో చాలామందికి మైదానంలో అడుగుపెట్టే అవకాశమే రాలేదు, వారిలో కొందరు ఆ తరువాత సాధనకు రావడం మానేశారు. ఓటమికన్నా నన్ను ఎక్కువగా బాధిస్తున్నది అదే.

మా మైదానం నల్లరేగడి నేల, పైగా క్రికెట్ జట్టుతో పంచుకోవాలి. జూలై నుంచి ఫిబ్రవరి వరకు మా జట్టుకు నిజమైన సీజన్ ఉండాలంటే ఏం చేయాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

సమాధానం 1 (విశ్రాంత వ్యాయామ అధ్యాపకుడు, విజయవాడ)

బాబూ, ముందు ఒక చిన్న లెక్క చూడు. నాకౌట్‌లో 16 జట్లు ఉంటే మొత్తం 15 మ్యాచ్‌లు జరుగుతాయి, తొలి రౌండుకే 8 జట్లు ఇంటిదారి పడతాయి. అవే 15 మ్యాచ్‌లను, ప్రతి జట్టూ మిగిలిన అన్ని జట్లతో ఆడే 6 జట్ల లీగ్‌గా ఆడిస్తే ప్రతి జట్టుకూ 5 మ్యాచ్‌లు దక్కుతాయి. రిఫరీ, బంతులు, సున్నపు గీతలు, ఇలా ఖర్చంతా మ్యాచ్‌ల సంఖ్యను బట్టే ఉంటుంది కనుక భారం పెద్దగా పెరగదు. కొద్ది రోజుల్లో అన్ని కళాశాలలనూ ఆడించి సౌత్ జోన్ అంతర విశ్వవిద్యాలయ పోటీలకు జట్టును ఎంపిక చేయవలసిన విశ్వవిద్యాలయానికి నాకౌట్ తప్పదు. దాన్ని మార్చమని కోరడంకన్నా, దానికి తోడుగా మీ లీగ్‌ను మీరే నిర్మించుకోవడం మేలు.

గుంటూరు నుంచి మూడు, విజయవాడ నుంచి మూడు కళాశాలలను కలుపుకోండి. రెండు ఊళ్ల మధ్య దూరం దాదాపు 35 కిలోమీటర్లే కాబట్టి శనివారం సాయంత్రం వెళ్లి ఆడి రాత్రికి ఇల్లు చేరవచ్చు. గెలుపుకు 3 పాయింట్లు, డ్రాకు 1, పాయింట్లు సమమైతే గోల్స్ తేడా: ఈ నియమాలను ముందే రాసి అందరు పీడీల (కళాశాల ఫిజికల్ డైరెక్టర్ల) సంతకాలు తీసుకోండి. సెమిస్టర్ పరీక్షలు, దసరా, సంక్రాంతి సెలవులు చూసుకుని లీగ్‌ను రెండు విడతలుగా విడగొట్టండి, ఎందుకంటే సంక్రాంతికి హాస్టల్ పిల్లలు ఎవరూ ఊళ్లో ఉండరు. వాన పడిన రోజున రేగడిలో దిగకుండా, బాస్కెట్‌బాల్ కోర్టు మీద పాసింగ్ సాధన చేయించు.

మన తెలుగు నేల మీదే దీనికి గొప్ప ఆదర్శం ఉంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి చేర్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాదువారు, వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. డ్రిబ్లింగ్ (బంతిని కాలితో తోసుకుంటూ ముందుకు సాగడం) చేయకుండా ఆడాలనే నియమంతో, బలహీనమైన కాలితోనే ఆడాలనే నియమంతో ఆయన ప్రత్యేకంగా టోర్నమెంట్లు పెట్టించారు. ఆటగాళ్లకు ఏ నైపుణ్యం కొరవడిందో గమనించి, దానికి తగిన పోటీని కల్పించిన దార్శనికుడాయన. ఆయనను తలచుకున్నప్పుడల్లా నా వృత్తి పట్ల గౌరవం పెరుగుతుంది.

సమాధానం 2 (ఫిజియోథెరపిస్టు, గుంటూరు)

మ్యాచ్‌లు పెరిగితే గాయాలూ పెరుగుతాయి కనుక వార్మప్‌ను నిర్లక్ష్యం చేయవద్దు. ఫిఫా రూపొందించిన 'ఎలెవన్ ప్లస్' కార్యక్రమంలో 15 వ్యాయామాలు ఉంటాయి, దాదాపు 20 నిమిషాలు పడుతుంది, ప్రత్యేక పరికరాలేవీ అక్కరలేదు. వారానికి కనీసం రెండుసార్లు క్రమం తప్పకుండా చేసిన జట్లలో గాయాలు గణనీయంగా తగ్గినట్టు పరిశోధనలు చూపాయి.

సెప్టెంబరు సాయంత్రాల్లో ఎండ తగ్గినా ఉక్కపోత తగ్గదు. గాలిలో తేమ వల్ల చెమట ఆరక శరీరం చల్లబడదు. ఆట నియమాలే 90 సెకన్ల నుంచి 3 నిమిషాల వరకు శీతల విరామాన్ని అనుమతిస్తున్నాయి కాబట్టి ప్రతి అర్ధభాగంలోనూ ఒకటి ఇవ్వండి. వేసవి దగ్గరపడే కొద్దీ రేగడి నేల నెర్రెలు విచ్చుతుంది, చీలమండలు బెణికేది అక్కడే. మ్యాచ్‌కు ముందురోజే నెర్రెలను మట్టితో పూడ్చి తడపండి.

సమాధానం 3 (పూర్వ క్రీడాకారుడు, విజయవాడ)

మాస్టారి ఆలోచన నాకు నచ్చింది, కానీ 6 జట్ల విషయంలో విభేదిస్తున్నాను. ఇటువంటి లీగ్‌లు సగంలో ఆగిపోయేది డబ్బు లేక కాదు, గెలిచే ఆశ పోయిన జట్టు రావడం మానేయడం వల్ల. 4 జట్లతో, ఒక్కో ప్రత్యర్థితో ఇంట ఒకసారి, బయట ఒకసారి ఆడితే 12 మ్యాచ్‌లే అవుతాయి, ప్రతి జట్టుకూ 6 వస్తాయి. పిలవవలసిన పీడీలు కూడా తక్కువే. నియమాల ప్రకారం జట్టులో ఏడుగురు ఉన్నా ఆట మొదలుపెట్టవచ్చు కనుక, మనుషులు చాలలేదన్న కారణంతో వాయిదా వేసే అవకాశం ఇవ్వవద్దు. జాబితాలో ఉన్న ప్రతి ఆటగాడూ కనీసం రెండు మ్యాచ్‌లలో ఒక అర్ధభాగం ఆడాలనే నిబంధన పెట్టండి. మొదటి సంవత్సరం వారిని నిలుపుకునే మార్గం నాకు తెలిసినంతవరకు ఇదొక్కటే.

ప్రశ్న వేసినవారి స్పందన

మాస్టారూ, మీకూ మిగిలిన ఇద్దరికీ ధన్యవాదాలు. మొదటి ఏడాది 4 జట్లతోనే ప్రారంభిస్తాం, ప్రతి ఆటగాడినీ ఆడించే నిబంధనను అన్నిటికంటే ముందు రాస్తాం. సోమవారం మా పీడీ గారిని కలిసి, ప్రిన్సిపాల్ గారి అనుమతికి లేఖ సిద్ధం చేస్తాను. రిఫరీగా అనుభవం ఉండి శనివారాలు రాగలిగినవారు ఎవరైనా ఉంటే ఇక్కడే తెలియజేయగలరు, రానుపోను ఖర్చులు మా జట్టు భరిస్తుంది.