మెగ్నీషియం, ఆమ్లం ప్రయోగం: మూడుసార్లు చేస్తే మూడు రకాల రీడింగులు

బెజవాడ_టెన్త్_సైన్స్:
చర్య వేగం కొలిచే ప్రయోగం ఇది. 250 మి.లీ. కోనికల్ ఫ్లాస్కులో 50 మి.లీ. 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 0.08 గ్రా. మెగ్నీషియం రిబ్బన్. ఒక కన్నం ఉన్న రబ్బరు బిరడా, సెలైన్ సెట్టు నుంచి కోసిన గొట్టం, నీళ్ళ తొట్టిలో బోర్లించిన 100 మి.లీ. కొలజాడీ. రిబ్బన్ వేసి వెంటనే బిరడా బిగిస్తున్నాం. చివరికి చేరిన హైడ్రోజన్ 79, 70, 74 మి.లీ. మోల్‌కి 24 లీటర్ల లెక్కన 79 రావాలి కదా, కాబట్టి మొదటిది సరైంది, మిగతా రెండూ లీకు అనుకుంటున్నాం. తొట్టి నీళ్ళు 35 డిగ్రీలు.

గుంటూరు_కెమిస్ట్రీ:
మాస్టారూ, 79 కూడా లీకే. 35 డిగ్రీల దగ్గర మోల్ వాయువు 25.3 లీటర్లు, అంటే 83 మి.లీ. నీటి మీద పట్టారు కాబట్టి అందులో నీటి ఆవిరి కూడా ఉంటుంది. ఆ ఉష్ణోగ్రతలో బాష్ప పీడనం (నీటి ఆవిరి ఒత్తిడి) 42 మి.మీ. పాదరసం, అది కలిపితే దాదాపు 88 రావాలి. 24 లీటర్లనేది చల్లటి గదికి సరిపోయే లెక్క, మన ఒంటిపూట బడుల రోజులకి కాదు.

వాయువు పోతున్నది బిరడా బిగించే ఆ మూడు నాలుగు సెకన్లలో. మొదట్లో సెకనుకి ఒకటి రెండు మి.లీ. వస్తుంది, గ్రాఫులో మీకు కావాల్సిన ఏటవాలు కూడా సరిగ్గా అక్కడే ఉంది. రిబ్బన్‌ని చిన్న ఇగ్నిషన్ ట్యూబులో (సన్నటి పొట్టి గాజు గొట్టం) పెట్టి, దాన్ని ఆమ్లంలో నిటారుగా నిలబెట్టండి. బిరడా బిగించాక ఫ్లాస్కు వంచితే ట్యూబు పడుతుంది, స్టాప్‌వాచ్ అప్పుడు నొక్కండి. దారంతో వేలాడదీస్తే ఆ దారం పక్క నుంచే లీకవుతుంది. రిబ్బన్ తేలుతోందని రాగి తీగ చుట్టేవాళ్ళున్నారు, ఆ పని చెయ్యొద్దు. రాగి తగిలితే చర్య వేగమే మారిపోతుంది.

మొదటి బుడగలు గాలివి అని వదిలెయ్యకండి. బయటికి వచ్చిన గాలి ఎంతో, లోపల పుట్టిన హైడ్రోజన్ అంత. లెక్కలోకి రావాల్సిందే.

ల్యాబ్_అటెండరు:
లీకు చూడ్డానికి తేలిక పద్ధతి: అన్నీ బిగించి, ఖాళీ ఫ్లాస్కుకి వేడినీళ్ళలో ముంచిన గుడ్డ చుట్టండి, ఈ ఎండల్లో అరచేతి వేడి చాలదు. గొట్టం చివర బుడగలు రావాలి. గుడ్డ తీశాక నీళ్ళు గొట్టంలోకి ఎక్కి అక్కడే నిలబడాలి. జారిపోయిందంటే బిరడా కన్నం దగ్గర చూడండి, సెలైన్ గొట్టం సన్నం కాబట్టి వదులు అక్కడే ఉంటుంది.

తూకం సంగతి కూడా ఉంది. 0.01 గ్రా. త్రాసు 0.08 చూపిస్తే అసలు బరువు 0.075 నుంచి 0.085 దాకా ఏదైనా కావచ్చు, అంటే ఐదు మి.లీ. అటూ ఇటూ. గరుకు కాగితంతో తెల్లపొర పోయేదాకా రుద్ది, మీటరు రిబ్బన్ ఒకేసారి తూచి, స్కేలుతో సమానంగా కత్తిరించండి.

గుంటూరు_కెమిస్ట్రీ:
తూకం మాట నిజం. ఇంకోటి, ఈ చర్యలో వేడి పుడుతుంది. ఈ పాళ్ళలో ఆమ్లం ఏడు డిగ్రీల దాకా ఎక్కుతుంది, ఫ్లాస్కులో గాలి వ్యాకోచించి రెండు మూడు మి.లీ. ఎక్కువ చూపిస్తుంది. 100 మి.లీ. ఫ్లాస్కు వాడి దాన్ని నీళ్ళ గిన్నెలో ఉంచండి. చల్లారాక జాడీ లోపలా బయటా నీటి మట్టం ఒకటయ్యేలా సర్ది, అప్పుడు చివరి రీడింగు తీసుకోండి. రేటు మాత్రం మొదటి 20, 25 మి.లీ. మీదే లెక్కకట్టండి. ఆమ్లం 0.5 మోలార్ చేస్తే చర్య నెమ్మదించి పాయింట్లు ఎక్కువ దొరుకుతాయి.

బెజవాడ_టెన్త్_సైన్స్:
ఇగ్నిషన్ ట్యూబు ఆలోచన బాగుందండీ. పిడుగురాళ్ళ సున్నపురాయి ముక్కలతో కూడా ఇదే అమరిక వాడొచ్చా?

ల్యాబ్_అటెండరు:
వద్దండీ. కార్బన్ డయాక్సైడ్‌ని నీళ్ళే తాగేస్తాయి, 35 డిగ్రీల్లో కూడా నీళ్ళ ఘనపరిమాణంలో సగానికి పైగా. దానికి ఫ్లాస్కుని త్రాసు మీదే ఉంచి, మూతిలో దూది పెట్టి, బరువు తగ్గడం రాసుకోండి. రాయి ఐదు గ్రాములకి తగ్గకుండా వెయ్యండి, లేకపోతే మీ త్రాసులో తేడా అంత స్పష్టంగా కనపడదు. చివర్లో అడుగున మట్టి మిగిలితే కంగారుపడకండి, అది రాయిలోని బంకమన్ను.