గుండు ఎక్కడి పదం? అచ్చతెలుగా, సంస్కృతమా?

అక్షరపథికుడు:
తుపాకి గుండు, గుండురాయి, గుండుసూది, గుండుమల్లె, గుండుసున్నా. చివరికి నున్నగా గీయించుకున్న తల కూడా గుండే. వీటన్నిటికీ మూలం సంస్కృతంలోని ‘గోళం’ అని చిన్నప్పుడు మా మాస్టారు చెప్పారు. కాదు, ఇది మన పదమే అంటాడు మా తమ్ముడు. గుండె, సుడిగుండం కూడా ఇందులోంచే వచ్చాయని వాడి వాదన. తెలిసినవాళ్ళు చెప్పండి.

నల్లరేగడి:
మాస్టారి మాట తీసిపారేయకండి. సంస్కృతంలో గోళం ఒక్కటే కాదు, గుడం, గుటిక, గుళిక కూడా ఉన్నాయి. అన్నీ ఉండలే, అన్నీ ‘గ’తోనే మొదలవుతాయి. తమిళులు ఈ మాటను ‘కుండు’ అంటారు. అచ్చ ద్రావిడ పదమైతే మనకూ ‘క’ ఉండాలి కదా?

పాతపుటలు:
నల్లరేగడి గారూ, ఆ ‘గ’ను చూసి సంస్కృతం అనుకోవడం పొరపాటు. తమిళంలో మాట మొదట ‘క’ ఉన్నచోట తెలుగులో ‘గ’ రావడం మామూలే. వాళ్ళ కుదిరై మన గుర్రం, వాళ్ళ కురుడు మన గుడ్డి. గుర్రం సంస్కృతం అని ఎవరూ అనరు కదా!

ఇంకో సంగతి. గోళం తెలుగులోకి గోళంగానే వచ్చింది. అది గుండుగా మారిందంటే మధ్యలో ఆ ‘ండ’ ఎలా వచ్చిందో చూపించాలి. తమిళంలో కుండు, కన్నడలో గుండు, తెలుగులో గుండు ఒకే అర్థంతో ఉన్నాయి. భాషాశాస్త్రవేత్తలు బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961, సవరించిన కూర్పు 1984) వీటిని ఒకే కుటుంబంగా చూపిస్తుంది. పైగా ట, డ, ణ ఉన్న సంస్కృత పదాల్లో కొన్ని దక్షిణాది భాషల నుంచే వెళ్ళాయని బరో గట్టిగా వాదించాడు. కాబట్టి గుడం, గుటిక ఉన్నంత మాత్రాన అప్పు తీసుకున్నది మనమేనని తేల్చేయలేం.

వెన్నెలమెట్టు:
మూలం సరే, నాకు అర్థం దగ్గరే మనసు ఆగుతోంది. గుండ్రంగా ఉన్న ప్రతిదాన్నీ మనం గుండు అనం. చేత్తో చుట్టింది ఉండ, ఎగిరేది బంతి, చుట్టూ తిరిగేది చక్రం. గుండు అంటే గట్టిది, లోపల నిండుగా ఉన్నది, ఎత్తితే బరువు తెలిసేది. పందెం కట్టి ఎత్తే రాతిగుండు, ఫిరంగి గుండు, ఆటల్లో విసిరే ఇనుపగుండు చూడండి. తమిళంలో లావుగా ఉన్న మనిషిని కుండు అంటారు. అక్కడా గుండ్రదనం కంటే బరువే ముందు కనిపిస్తోంది.

నల్లరేగడి:
మరి గుండుసూదిలో బరువెక్కడుంది? గుండుమల్లెలో? గుండుసున్నాలో అయితే లోపల ఏమీ లేదు!

వెన్నెలమెట్టు:
మంచి ప్రశ్న. గుండుసూదికి పేరు తెచ్చింది దాని తల, అది చిన్నదైనా గట్టి ముద్దే. గుండుమల్లె మొగ్గ కూడా రేకులు దట్టంగా ముడుచుకుని బొద్దుగా ఉంటుంది. గుండుసున్నా మాత్రం నా మాటకు లొంగదు, ఒప్పుకుంటాను. అక్కడ ఆకారమే మిగిలింది. గుండ్రం అనే మాటలోనూ అంతే, బరువు పూర్తిగా పోయింది. గీసిన తలను గుండు అనడం మాత్రం తెలుగువాళ్ళ ఊహ అనిపిస్తుంది, తమిళులు దానికి మొట్టై అని వేరే మాట వాడతారు. జుట్టు పోయాక తల నున్నటి రాయిలా కనిపించిన ఆ చూపు నాకు చాలా ఇష్టం.

అక్షరపథికుడు:
మరి గుండె? సుడిగుండం?

పాతపుటలు:
సుడిగుండాన్ని ఇందులో కలపొద్దు. గుండం అంటే గొయ్యి, మడుగు. సంస్కృతంలో కుండం అన్నా అదే, మన గుంట, కుంట కూడా ఆ వైపువే. గుండు పైకి ఉబ్బింది, గుండం లోపలికి దిగింది. ధ్వని కలిసిందని ముడివేస్తే బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టినట్టే.

గుండె విషయంలో తమ్ముడి మాట కొట్టేయలేను, అలాగని ఒప్పుకోనూ లేను. దాని పాత రూపం గుండియ. తమిళంలో కుండిక్కాయ్ ఉంది, మన గుండెకాయలాగే చివర ‘కాయ’తో. దానికి మూత్రపిండం అనే అర్థమూ ఉంది, గుండె అనే అర్థమూ ఉంది. అంటే గుండెకు సొంత తోబుట్టువు ఉంది, గుండులోంచి నేరుగా పుట్టాల్సిన పనిలేదు. తమ్ముడిని గుండియ అన్న రూపం నుంచి మొదలుపెట్టమనండి, గుండు నుంచి కాదు.